కళింగపట్నం దగ్గర సముద్ర తీరం శుభ్రం చేయాలనుకుంటున్నాం, సలహాలు చెప్పండి

ఉప్పుటేరు (ఆగస్టు 30)

అందరికీ నమస్కారం. మేం పన్నెండు మందిమి. శ్రీకాకుళంలో తలా ఒక ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం పొద్దున్నే నాగావళి గట్టున నడిచేవాళ్ళం. మొన్న చవితి పందిళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే నిమజ్జనాల మీదుగా మాట సముద్రం మీదికి మళ్ళింది. నడిచింది చాలు, ఏదైనా పని చేద్దాం అనుకున్నాం. సెప్టెంబరు మూడో శనివారం చాలా దేశాల్లో సముద్ర తీరాలు శుభ్రం చేస్తారు. 1986లో అమెరికాలోని టెక్సాస్ ఒడ్డున మొదలైన అలవాటు అది. ఈసారి 20వ తేదీన వస్తోంది.

గార మండలంలో కళింగపట్నం దాటాక ఒక మత్స్యకార గ్రామం ఉంది. ఆ ఒడ్డున పొద్దున 9 గంటలకు మొదలుపెట్టి 11కి ముగిద్దామని ఆలోచన. ఒక కళాశాల నుంచి 60 మంది విద్యార్థులు వస్తామన్నారు. టీషర్టులు, టోపీలు, చేతి తొడుగులు, పెద్ద ఫ్లెక్సీ, చివర్లో ప్రతిజ్ఞ, ఉప్మా. సముద్రాన్ని కాపాడుకోవాలన్న ఆలోచన జనంలో కలగాలని మా కోరిక. ఇంకేం చేర్చవచ్చో చెప్పండి.

నిక్కచ్చి

ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే. ముందు దాన్ని తీసేయండి, మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

చింతపల్లి సరుగుడు

మంచి పని. మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలం. మా ఒడ్డుకు అసలు గండం కార్తీక మాసంలో వస్తుంది. వనభోజనాలని సరుగుడు తోటల్లోకి బస్సులు దిగుతాయి. ఉసిరిచెట్టు కింద తినాలని శాస్త్రం, మా దగ్గర సరుగుడు చెట్టు కింద థర్మాకోలు పళ్ళెంలో తింటారు. సాయంత్రం గాలి లేస్తే ఆ పళ్ళేలు కొంగల గుంపులా సముద్రం మీదికి ఎగిరిపోతాయి. దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది కూడా. మీ కార్యక్రమం ఎలా జరిగిందో రాయండి, మేమూ చేస్తాం.

గంగమ్మ బిడ్డ

మీరు ఊరి పేరు రాయలేదు గానీ, అది మా ఊరే కావచ్చు, మా పక్క ఊరూ కావచ్చు. నాలుగు మాటలు చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

పొద్దున 9 గంటలకు మా ఒడ్డున ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశారా? చీకటితో వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఇసుక మీద పట్టా పరిచి చేపలు పోస్తారు. కవ్వళ్ళు ఒక కుప్ప, కానాగంతలు ఒక కుప్ప. వేలం పాట మొదలవుతుంది. ఆడవాళ్ళు గంపలతో చుట్టూ నిలబడతారు. ఎండ ముదిరేలోగా సరుకు ఐసులో పడాలి, లేకపోతే ధర సగానికి పడిపోతుంది. ఆ గంటన్నరలో పక్కింట్లో పెళ్ళి జరుగుతున్నా మేం తల తిప్పి చూడం. అప్పుడు టోపీలు పెట్టుకున్న 60 మంది మా మధ్యలో తిరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నిరుడు ఒక బృందం వచ్చింది. పేరు అనవసరం. మా చిన్నతాత పీతల వల నాలుగు చోట్ల చిరిగితే, బాగుచేసుకుందామని తాటిచెట్టు కింద ఆరబెట్టుకున్నాడు. ఆ చిరుగులు తప్ప వలంతా గట్టిదే. వచ్చిన పిల్లలు దాన్ని చెత్త అనుకున్నారు. కత్తెరతో ముక్కలు చేసి సంచుల్లో కుక్కేశారు. తాత ఎవరినీ ఏమీ అనలేదు. ఆ ముక్కల్లోంచి సీసం గుండ్లు విప్పుకుంటూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆయన వెనకాలే వాళ్ళు వరసగా నిలబడి ఫొటో దిగారు.

ఇక ఆ సంచుల కథ. ట్రాక్టరు వస్తుందన్నారు, రాలేదు. సరుగుడు తోట వెనక గెడ్డ పక్కన పేర్చి వెళ్ళిపోయారు. అక్టోబరు వానలకు గెడ్డ పొంగి సంచులను సముద్రంలోకి తోసేసింది. కొన్నాళ్ళకు వాటిలో ఒకటి మా ఇంటి ముందు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద ఆ బృందం ముద్ర అలాగే ఉంది.

మిమ్మల్ని రావద్దనడం లేదు. వచ్చే ముందు ఒకసారి ఊరి పెద్దలతో కూర్చోండి.

నిక్కచ్చి

ముద్ర చెరిగిపోలేదంటే డబ్బు బాగానే పెట్టారన్నమాట.

ఉప్పుటేరు

అక్కా, సిగ్గుగా ఉంది. ఆ బృందంలో మేం లేం, కానీ మా పథకమూ అచ్చం అలాగే ఉంది. 9 గంటలని ఎందుకు పెట్టామంటే శ్రీకాకుళం నుంచి బస్సు ఆ వేళకు చేరుతుంది. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. ఈ ఆదివారం నేనూ మరొకరూ మీ ఊరు వస్తాం. ఎవరిని కలవాలో చెప్పండి. ఫ్లెక్సీ మానేశాం.

పాత వల

ఆ చిన్నతాత సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు 74 ఏళ్ళు. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది.

మా చిన్నతనంలో వలలన్నీ నూలువే. వేట నుంచి రాగానే ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. చింతపిక్కల పొట్టు పెద్ద గంగాళంలో ఉడకబెట్టి ఆ ఎర్రటి నీళ్ళలో వల ముంచేవాళ్ళం. నూలు గట్టిపడేది. మా అమ్మ చేతులు ఎప్పుడూ ఆ రంగులోనే ఉండేవి. ఇంత చేసినా కొన్నాళ్ళకు వల పిగిలిపోయేది. ఇసుకలో పారేస్తే వానాకాలం గడిచేసరికి వెతికినా కనిపించేది కాదు.

తరవాత నైలాన్ వచ్చింది. బరువు లేదు, గంగాళం పని లేదు. మొదటిసారి కొన్న వలను మా నాన్న చేత్తో తడిమి చూసి "ఇది చావదురా" అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు.

భౌతికశాస్త్రం మాస్టారు

పెద్దాయన మాట పట్టుకుని నేను ఒకటి చెబుతాను. మా బడి ఒడ్డుకు మూడు కిలోమీటర్లు. రెండేళ్ళుగా ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక ఆట ఆడిస్తున్నాను. బకెట్ నిండా సముద్రపు నీళ్ళు. ఒడ్డున ఏరుకొచ్చిన వస్తువులు ఒక్కొక్కటీ అందులో వేయాలి. వేసే ముందు తేలుతుందా, మునుగుతుందా అని పందెం. గెలిచినవాళ్ళకు జీడి.

సీసా మూత తేలుతుంది. పచ్చ తాడు ముక్క తేలుతుంది. థర్మాకోలు గురించి చెప్పేదేముంది. నీళ్ళ సీసా దగ్గర తరగతి రెండుగా చీలిపోతుంది. మూత పెట్టి ఉంటే తేలుతుంది. మూత తీసి నీళ్ళు నిండనిస్తే అడుగుకు పోతుంది. చివర్లో నైలాన్ వల ముక్క. అది వేయగానే మునగదు. కన్నుల్లో పట్టిన గాలి బుడగలు ఒక్కొక్కటీ వదులుకుంటూ, ఒక పక్కకు ఒరిగి, మెల్లగా దిగిపోతుంది. గోల చేసే పిల్లలు కూడా ఆ ఒక్క నిమిషం మాట్లాడరు.

ఘన సెంటీమీటరు ఉప్పునీరు సుమారు 1.025 గ్రాములు తూగుతుంది. మూతలు, తాళ్ళు చేసే పాలిథీన్, పాలీప్రొపిలీన్ రకాలు 0.9, 0.95 దగ్గర ఉంటాయి. నైలాన్ 1.14. నీళ్ళ సీసా చేసే పెట్ అనే ప్లాస్టిక్ 1.38. సీసాల్లేని మూతలు ఒడ్డున అన్నేసి ఎందుకు దొరుకుతాయో ఇప్పుడు తెలిసింది కదా.

అంటే మనం గోతాల్లో ఎత్తేది తేలిన సరుకును. మునిగిన వల మనకు కనిపించదు. నీళ్ళలో చేపకూ కనిపించదు, చిక్కంతా అక్కడే ఉంది.

గంగమ్మ బిడ్డ

మాస్టారూ, ఆ బకెట్ మా ఒడ్డుకు తీసుకురండి. ప్రసంగాలు మావాళ్ళు చాలా విన్నారు. పందెం అంటే మాత్రం అందరూ వస్తారు.

నిక్కచ్చి

ఒక మాట అడుగుతాను. ఒడ్డున ఉండేవాళ్ళకు సముద్రం గురించి పట్నం వాళ్ళు అవగాహన కలిగించడం ఏమిటి? చెత్త వచ్చేది ఎక్కడి నుంచి? నాగావళి శ్రీకాకుళం నడుమ నుంచి పారి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార కళింగపట్నం దగ్గర కలుస్తుంది. సంతలో పారేసిన సంచి, వంతెన మీద నుంచి విసిరిన పూజ సామాను, అన్నీ ఈ రెండు దారుల్లోనే దిగుతాయి. మీరు ప్రతి ఆదివారం నడిచే గట్టునే 12 మందికి సరిపడా పని ఉంది. బస్సు ఖర్చు కూడా ఉండదు.

ఉప్పుటేరు

మాట కాస్త గట్టిగా తగిలింది, కానీ నిజమే. ఈరోజు నడకలో మొదటిసారి గట్టు దిగి చూశాం. నిమజ్జనం చేసిన బొమ్మలు సగం కరగలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చేతులు, తొండాలు బురదలో పడి ఉన్నాయి. ఒక చేతిలో ఇంకా లడ్డూ ఉంది, రంగు కూడా పోలేదు. నాలుగేళ్ళుగా ఆ పైనే నడుస్తున్నాం.

నాగావళి ఎగువ

శ్రీకాకుళం వాళ్ళకు నమస్కారం. మాది పార్వతీపురం వైపు. మీ ఎగువన మేమున్నాం, మా ఎగువన రాయగడ ఉంది. ఒడిశా కొండల్లో పుట్టిన నీళ్ళు తోటపల్లి దాటి మీ దాకా వస్తాయి. తప్పు ఎగువకు నెట్టుకుంటూ పోతే చివరికి కొండ మీద కురిసిన వానను తిట్టుకోవాలి. మా వాటా మేం ఒప్పుకుంటున్నాం. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. మా సీతంపేట, పార్వతీపురం కొండల్లో అడ్డాకులు కుట్టి విస్తళ్ళు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. చింతపల్లి వారు కార్తీకానికి థర్మాకోలు బదులు అవి తెప్పించుకుంటే ఇద్దరికీ మంచిది.

చింతపల్లి సరుగుడు

కట్ట ఎంతకు వస్తుందో కనుక్కుని చెప్పండి, వెంటనే. కార్తీకం అక్టోబరు చివర్లోనే మొదలవుతోంది. తోటలో కొబ్బరి బొండాలు అమ్మే ఆయనతో మాట్లాడాను. విస్తళ్ళు తన బండి మీదే పెట్టి అమ్ముతానన్నాడు. బోర్డు రాసి "ఇక్కడ ప్లాస్టిక్ వాడరాదు" అని మేకు కొట్టడం కన్నా అదే నయం. పోయినసారి ఆ బోర్డు కిందే భోజనాలు చేశారు.

నిక్కచ్చి

అడ్డాకు విస్తళ్ళను ఇప్పుడు ప్లాస్టిక్ కాగితం అతికించి కూడా అమ్ముతున్నారు. చూసి కొనండి.

నాగావళి ఎగువ

చీపురుపుల్లతో కుట్టినవే పంపుతాను. మీకు ఒక కట్ట విడిగా.

తాబేలు కాపలా

నేను శీతాకాలంలో రాత్రిపూట ఒడ్డున తిరిగే మనిషిని. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రంలో పాతిపెట్టే పని. పట్నం వాళ్ళు వచ్చేది సెప్టెంబరులో కాబట్టి గూళ్ళకు భయం లేదు. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం ఈ సరదాలు పెట్టుకోకండి, పెట్టుకున్నా ట్రాక్టరుతో ఇసుక గీకించకండి.

తల్లి తాబేలు రాత్రి ఒడ్డెక్కి, అడుగున్నర లోతు గొయ్యి తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, కడుపుతో అదిమి వెళ్ళిపోతుంది. చిన్న ట్రాక్టరు వెళ్ళినట్టు జాడ పడుతుంది. కుక్కలూ నక్కలూ చేరేలోగా ఆ జాడ పట్టుకోవాలి. గుడ్లు తీసేటప్పుడు తలకిందులు చేయకూడదు. ఎంత లోతులో ఉన్నాయో అంత లోతులోనే పాతాలి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. పుట్టిన పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది. పూర్వం ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు రోడ్డు మీది దీపాల వైపు నడిచి చచ్చిపోతున్నాయి.

శుభ్రం చేసేటప్పుడు ఇసుక దిబ్బల మీది తీగలు పీకకండి. ఊదారంగు పూల బాలబందు తీగ, గుండ్రంగా ముళ్ళ బంతిలా ఉండే రావణాసురుడి మీసం, ఇవే ఇసుకను పట్టి ఉంచేవి. ఒకసారి కాలేజీ పిల్లలు అది పిచ్చిమొక్క అనుకుని ఒడ్డంతా గుండు కొట్టినట్టు చేశారు.

ఇంకో సంగతి. ఒడ్డుకు కొట్టుకొచ్చే చనిపోయిన తాబేళ్ళలో చాలావాటి ఒంటి మీద గాయం ఉండదు. తాబేలు మనలాగే గాలి పీల్చే ప్రాణి. వలలో ఎక్కువసేపు ఇరుక్కుంటే నీళ్ళలోనే ఊపిరాడక పోతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటుంది. జాలరికి ఈ చట్టం తెలుసు. అతను అడిగేది వేరు: చిక్కిన తాబేలు కోసం వల కోసేస్తే ఆ వల డబ్బు ఎవరిస్తారు? మహారాష్ట్రలో 2018 నుంచి ఇలా వల కోసి వదిలినవాళ్ళకు 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు. మీ ప్రతిజ్ఞ కాగితంలో ఆ మాట అడిగే వాక్యం ఒకటి చేర్చండి.

శ్రీకూర్మం వీధి

తాబేలు మాట వచ్చింది కాబట్టి మా మేనమామ పుణ్యకార్యం చెబుతాను. మా ఊరి దేవుడు కూర్మనాథుడు, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు పెంచుతారు, అందరికీ తెలిసిందే. ఒకరోజు మామయ్య పెరట్లోకి అలాంటిదే ఒకటి వచ్చింది. ఆయనకు భక్తి పొంగింది. స్కూటరు మీద పెట్టుకుని సముద్రానికి తీసుకెళ్ళి, దండం పెట్టి నీళ్ళలో వదిలాడు. అల వెనక్కి తోసింది. దేవుడు తనను వదల్లేక వస్తున్నాడనుకుని మళ్ళీ లోపలికి విసిరాడు. అక్కడ వల కుట్టుకుంటున్న ఒకామె "అది నేల తాబేలు, దానికి ఈత రాదు, చంపేస్తున్నావు" అని అరుస్తూ నడుము లోతు నీళ్ళలోకి దిగి బయటికి తెచ్చింది.

తాబేలును దేవుడని మొక్కే ఊరి వాళ్ళం మేం. ఆవిడ కాళ్ళు చూసి చెప్పిందట. నేల తాబేలుకు ఏనుగు పాదాల్లాంటి కాళ్ళు, సముద్రపు తాబేలుకు తెడ్డులు.

వేదిక నిర్వాహకుడు

ఎగువ దిగువ తగాదాలో వ్యక్తిగత దూషణలకు దిగిన మూడు వ్యాఖ్యలు తొలగించాను. ప్లాస్టిక్ మీద కోపం ప్లాస్టిక్ మీదే చూపించండి.

వెరావల్ కుర్రాడు

అక్క ఈ చర్చ పంపింది. నేను గుజరాత్‌లో ఉన్నాను, మరబోటు మీద. మా జిల్లా ఊళ్ళ నుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. 2018 చివర్లో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్న మనవాళ్ళు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అప్పుడు మా వీధిలో దీపం పెట్టని ఇళ్ళు చూశాను. అయినా మేం మళ్ళీ ఇక్కడికే వచ్చాం.

వల సముద్రంలో ఎలా పోతుందో ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. రాయికి పట్టుకుంటే ఒక గంట లాగుతాం. రాకపోతే తండేలు, అంటే బోటు నాయకుడు, కోసేయమంటాడు. ఇంకొన్నిసార్లు ఎవరిదో పాత వల ఇంజను పంకాకు చుట్టుకుంటుంది. ఒకడు కత్తి నోట కరిచి నీళ్ళలోకి దిగి ముక్కలు ముక్కలుగా కోయాలి. ఆ ముక్కలు పైకి తెచ్చి పెట్టడానికి బోటు మీద చోటుండదు. చేపలకే ఉండదు. అక్కడే వదిలేస్తాం. రేపు అది ఇంకొకరి పంకాకు చుట్టుకుంటుంది. ఇది తప్పని మాకు చెప్పనక్కర్లేదు, నీళ్ళలోకి దిగేది మేమే.

ఒక సలహా. సెప్టెంబరులో పెడితే మా ఊళ్ళో మగవాళ్ళు సగం మంది ఉండరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. అప్పుడు ఊళ్ళో బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలన్నీ విప్పి బాగుచేసేది ఆ రోజుల్లోనే. పనికిరాని ముక్కలు గుట్టలుగా పడేదీ అప్పుడే. అసలు కార్యక్రమం అప్పుడు పెట్టండి. నేనూ ఇంటి దగ్గర ఉండేలా చూసుకుంటాను.

పాత వల

బాబూ, జాగ్రత్తగా ఉండు. పంకా దగ్గరకు దిగేటప్పుడు నడుముకు తాడు కట్టుకో.

వెరావల్ కుర్రాడు

అలాగే తాతగారూ.

ఉప్పుటేరు (సెప్టెంబరు 9)

ఊరికి వెళ్ళొచ్చాం. పెద్దలు రామమందిరం అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, గంటసేపు మా గురించి అడిగారు గానీ సముద్రం మాట ఎత్తలేదు. లేచేటప్పుడు ఒకాయన "సంచులు ఎక్కడికి పోతాయి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అది దొరికాకే రమ్మన్నారు.

శ్రీకాకుళంలో పాత సామాన్ల వ్యాపారులు ముగ్గురిని అడిగాం. సీసాలు ముగ్గురూ తీసుకుంటామన్నారు. వలల పేరెత్తగానే ఇద్దరు లేచిపోయారు. మూడో ఆయన మాత్రం, తాడు వేరు, వల వేరు చేసి, ఇసుక దులిపి, పూర్తిగా ఆరబెట్టి ఇస్తే చూస్తానన్నాడు. కనీసం ఒక ఆటో నిండా ఉండాలట.

కాబట్టి కార్యక్రమం రెండయింది. 20న విద్యార్థులందరూ నాగావళి గట్టుకే. నిక్కచ్చి గారు రావాలి, వంకలు చెప్పకూడదు. ఊళ్ళో పని మరో రోజు, వేట లేని రోజు చూసి, సాయంత్రం 4 గంటలకు. దానికి పదిహేను మందే వస్తాం.

గంగమ్మ బిడ్డ

మా వీధి చివర నాలుగు వెదురు గుంజలు పాతి తడికె కడతాం. పనికిరాని వల ముక్కలు ఎవరికి వాళ్ళు అందులో వేస్తారు. ఏది పనికిరానిదో వల యజమానే నిర్ణయిస్తాడు. కత్తెరలు ఎవరూ తేవద్దు. సీసం గుండ్లు, బెండ్లు ముందే విప్పుకుంటారు, వాటికి మళ్ళీ పని ఉంటుంది.

తాబేలు కాపలా

కొందరు పాత వలలు కూరగాయల మడి చుట్టూ కంచెగా కడుతున్నారు. పందులు, కోళ్ళు రాకుండా బాగానే పనిచేస్తుంది గానీ పాములు చిక్కుకుని చస్తున్నాయి. కింది అంచు నేలకు జానెడు ఎత్తున కట్టమని చెప్పండి.

నిక్కచ్చి

జానెడు ఎత్తున కడితే కోళ్ళు రావా?

తాబేలు కాపలా

పిల్లలు వస్తాయి. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

చింతపల్లి సరుగుడు

ప్రసంగం వద్దనుకున్నారు సరే, జముకుల కథ చెప్పించవచ్చు కదా? జముకు మోగితే ఊరు ఊరంతా వస్తుంది.

గంగమ్మ బిడ్డ

వస్తుంది. కానీ కథ చెప్పేవాళ్ళకు ఇవ్వాల్సింది మర్యాదగా ఇవ్వాలి. పోయినసారి ఒకరు శాలువా కప్పి పంపేశారు.

ఉప్పుటేరు (సెప్టెంబరు 26)

ముందు నాగావళి సంగతి. 20న 52 మంది వచ్చారు. గోతాలు నిండాయి, బొమ్మల ముక్కలే ఎక్కువ. వాటిని ఎక్కడ వేయాలో చెప్పగలిగినవాళ్ళు మాకు పట్నంలో ఇంకా దొరకలేదు. ప్రస్తుతం ఒక మిత్రుడి ఖాళీ స్థలంలో ఉన్నాయి, వాళ్ళ అమ్మగారు రోజూ ఫోను చేస్తున్నారు. నిక్కచ్చి గారు వచ్చారు. ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నారు.

నిన్న ఊళ్ళో. మాస్టారు బకెట్ దించి పందెం మొదలుపెట్టేసరికి ముందు పిల్లలు, తరవాత ఆడవాళ్ళు, ఆ వెనక మగవాళ్ళు చేరారు. మూత, తాడు, సీసా దాకా నవ్వులే. ఒకావిడ తన చెప్పు వేసింది, తేలింది, రెండు రూపాయలు గెలిచింది. వల ముక్క వంతు వచ్చినప్పుడు గంగమ్మ బిడ్డ వాళ్ళ చిన్నతాత ముందుకు వచ్చి తానే వేస్తానన్నారు. వేసి, అది అడుగుకు చేరేదాకా వంగి చూశారు. అప్పుడు ఆయన చెప్పింది వీలైనంతవరకు ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"ఒకసారి రాతి దగ్గర నా వల పోయింది. ఎనిమిది రోజుల తరవాత పక్క బోటు వాడి గాలానికి తగిలి పైకి వచ్చింది. నిండా పీతలు. కిందివి కుళ్ళిపోయాయి, వాటిని తినడానికి వచ్చినవి సగం చచ్చాయి, పైవి బతికే ఉన్నాయి. నేను ఇంట్లో కూర్చున్న ఎనిమిది రోజులూ అది వేట చేస్తూనే ఉంది. ఒక్క పీత కూడా ఎవరి కూరలోకీ రాలేదు."

దాని మీద అరగంట మాట్లాడుకున్నారు, మేం కాదు, వాళ్ళే. ఎవరి వల ఎక్కడ పోయిందో, ఏ రాయి దగ్గర ఎక్కువ పోతాయో. మాస్టారు చకచకా కాగితం మీద గీసుకున్నారు. గీసిన పటంలో ఆరు చోట్లు తేలాయి. రాయి పేర్లు వాళ్ళకే తెలుసు, ఏ పటంలోనూ లేవు. ఇకపై వల పోయినవాళ్ళు ఆ కాగితం మీద గుర్తు పెడతామన్నారు. తడికెలో పడిన వల ముక్కలు ఎండుచేపల కొట్టు కాటా తెచ్చి తూచాం, 86 కిలోలు. ఆటోకు ఇంకా చాలదు. ఏప్రిల్ దాకా పోగేస్తామన్నారు.

జముకుల కథ కుదరలేదు, కళాకారులకు ఆ రోజు వేరే ఊళ్ళో ఉంది. తాబేలు పరిహారం విన్నపం మీద 41 సంతకాలు, 9 వేలిముద్రలు.

వెరావల్ కుర్రాడు

ఆ కాగితం ఫొటో పంపండి. దక్షిణం వైపు రెండు రాళ్ళు నాకు తెలుసు, అందులో ఉన్నాయో లేదో చూస్తాను.

పాత వల

గుడి ఎదురుగా ఉన్న రాయి రాశారా? ఇప్పుడు ఎవరూ అటు వెళ్ళరు గానీ మా కాలం వలలు అక్కడే పోయాయి. నూలు వలలు లెండి, అవి ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి.

చింతపల్లి సరుగుడు

విస్తళ్ళు రెండు వందల కట్టలు చేరాయి. బొండాల ఆయన అప్పుడే ధర పెంచాడు.

గంగమ్మ బిడ్డ

అందరికీ ఒక మనవి. ఎండుచేపల కొట్టు వాళ్ళు కాటా కోసం రెండుసార్లు మనిషిని పంపారు. ఎవరి దగ్గర ఉంది?

నిక్కచ్చి

నా దగ్గరే. పొరపాటున మా ఆటోలో వచ్చేసింది. కొక్కెం తుప్పు పట్టి ఉంటే నూనె రాస్తున్నాను. రేపు పాట అయ్యాక తెచ్చి ఇస్తాను, 11 దాటాకే వస్తాను.